సుడి తిరిగింది

పదకొండు గంటల ఇరవై నిమిషాలకి నసమ్మ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూలబడి, ముందుగా తన మోకాలికి ఓ దండం పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు ఇదే డిపార్టుమెంటులో చాకిరీ చేసి రిటైరైన మనిషి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోక, ఈ ప్రైవేటు డిటెక్టివ్ వేషం ఎందుకు కట్టిందో ఆవిడకే తెలియదు. అడిగిన ప్రశ్నే మూడుసార్లు అడుగుతుందని కుర్ర పోలీసులు ఆవిడకి పెట్టిన పేరు నసమ్మ. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు మండటానికి కూడా ఓపిక లేదు.

"పది నిమిషాలు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, గడియారం కేసి చూస్తూ. "ఒకప్పుడు మీ కింద పనిచేశాను గనక ఆ పదైనా. నాలుగింటికి వాణ్ణి కోర్టులో పెడుతున్నా. ఆ తర్వాత నస పెట్టాలంటే జైలు గేటు దగ్గర పెట్టుకోండి."

"నేను పని నేర్పాను గానీ, తొందర నేర్పలేదే నాయనా."

"తొందర నా సొంతం. అందుకే ఈ కుర్చీలో నేనున్నాను, ఆ బెంచీ మీద మీరున్నారు."

బెంచీ గురించి అతను చెప్పింది నిజమే మరి.

కేసు చూస్తే చిన్నది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట ఐదు నిమిషాలకి, భోజనాల వేళని, ఓ వీధి సెలూన్‌లో షట్టరు సగానికి దించారు. ఒంటిగంట యాభైకి తిరిగొచ్చిన పనివాడికి షాపు ఓనరు పెద్దాయన మొదటి కుర్చీ పక్కన నెత్తురు మడుగులో కనిపించాడు. ఎవరో తోస్తే వెల్లకిలా పడి, కుర్చీ ఇనప పాదానికి తల కొట్టుకుంది. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. నా అన్నవాళ్ళు లేరు. నిన్నటినుంచీ హాస్పిటల్లో కన్ను తెరవలేదు. ఈ ఉదయం పదింటికి ఆ షాపుని అమ్ముతూ ఆయన సంతకం పెట్టవలసి ఉంది. కొనుక్కోవలసింది ఆ పనివాడే. ఇప్పుడు లాకప్‌లో కూర్చున్నదీ ఆ పనివాడే.

పందొమ్మిదేళ్ళుగా రెండో కుర్చీ దగ్గర నిలబడే పనిచేశాడు గనక అందరూ అతన్ని 'రెండో కుర్చీ' అనే పిలుస్తారు. పొట్టి మనిషి. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడిలా ఉన్నాడు. అలాంటివాళ్ళే గొంతులు కోసిన కేసులు నసమ్మ రెండు చూసింది గనక, మొహం చూసి జాలిపడే అలవాటు ఎప్పుడో మానుకుంది.

"ఒంటిగంట ఐదు నుంచి యాభై దాకా ఎక్కడున్నావు?"

"ఇంటికెళ్ళి అన్నం తిన్నానమ్మా."

"ఎక్కడున్నావు?"

"చెప్పాను కదమ్మా, ఇంట్లో..."

"నన్ను పంపింది మీ ఆవిడేనయ్యా. నీ కంచం మీద మూత తియ్యనే లేదని ఆవిడే చెప్పింది. మూడోసారి అడుగుతున్నా. ఎక్కడున్నావు?"

రెండో కుర్చీ కాసేపు నీళ్ళు నమిలాడు. "బోర్డులు రాసే పెయింటరు దగ్గరికెళ్ళానమ్మా. షట్టరేసుంది. తినేసి వస్తాడు కదాని మెట్టు మీద కూర్చున్నా. ముప్పావుగంట చూశా. రాలేదు."

"నిన్నెవరైనా చూశారా?"

"మండుటెండలో ఎవరు చూస్తారమ్మా?"

"ఇందులో దాచడానికి ఏముంది?"

"సంతకం కాకుండానే వీడు బోర్డు మార్చేస్తున్నాడు చూడు అనుకుంటాడు కదా పెద్దాయన! పైన పెద్దక్షరాలతో ఆయన పేరే రాయిద్దామనుకున్నా. కింద చిన్నగా నాది. పొద్దున సంతకం పెట్టి బయటికొచ్చి తలెత్తి చూసుకోవాలి ఆయన..." అంటూ భోరుమన్నాడు.

నసమ్మ మనసులోనే లెక్క కట్టింది. అబద్ధం చెప్పేవాడు ఇంతకంటే మంచి అబద్ధమే చెబుతాడు. ఇలా ఎవరూ చూడని మెట్టు మీద ఒక్కడే కూర్చోడు. కానీ ఇది కోర్టుకి పనికొచ్చే మాట కాదు.

"నీ సంచీలో నెత్తురు తువ్వాలు దొరికిందట?"

"ఆయన తలకి అదిమి పట్టింది ఆ తువ్వాలే. తర్వాత సంచీలో ఎప్పుడు కుక్కానో నాకే తెలీదమ్మా. చేతులు నావి కానట్టే అయిపోయాయి."

"పెద్దాయన షాపు నీకు అమ్మకుండా మూసేద్దామనుకున్నాడట. అందుకే గొడవైందని ఇన్‌స్పెక్టరు అంటున్నాడు."

"మూసేద్దామా అని ఓ వారం ఊగిన మాట నిజమేనమ్మా. తెల్లచొక్కా బ్రోకరొకడు వచ్చి, షాపు మూసెయ్యి, గోడౌన్‌కి కావాలి, ఎంతంటే అంతిప్పిస్తా అన్నాడు. కుర్చీలూ అద్దాలూ కాగితం ముక్కతో సహా అన్నీ వదిలెయ్యాలట, ఎవరికీ ఇవ్వకూడదట. పెద్దాయనకీ ఓపిక అయిపోయింది కదా. ఆఖరికి మాత్రం, 'మూసేస్తే నా చేతిపని నాతోనే పోతుందిరా, అమ్మితే నీ చేతిలో ఉంటుంది. నీకే ఇస్తా. కుర్చీలివ్వడం కాదు, మూడు నెలలు పక్కనే నిలబడి తలలన్నీ నీకు అప్పజెప్పి పోతా' అన్నాడు. పోయిన ఆదివారమే మాటైపోయింది. ఇంక గొడవెందుకు పడతానమ్మా?"

నసమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. గోడౌన్ కావలసినవాడికి గోడలు కావాలి గానీ, సెలూన్‌లోని కాగితం ముక్కలెందుకు? నడుస్తున్న షాపుకి కాకుండా మూతపడే షాపుకి ఎక్కువిచ్చే వెర్రివాణ్ణి ఆవిడ తన సర్వీసులో చూడలేదు.

"బ్రోకరు మొదటిసారి ఎప్పుడొచ్చాడు?"

"మూడు వారాలైంది. గురువారం."

"ముందురోజు, బుధవారం షాపులో ఏం జరిగింది?"

"ఏం జరగలేదమ్మా."

"ఏం జరిగింది?"

"మామూలేనమ్మా. ఏదో కాస్త నవ్వుకున్నాం."

"ఆ నవ్వుకున్నదేంటో చెప్పు."

రెండో కుర్చీ కళ్ళు తుడుచుకున్నాడు. "మా వీధిలో ఒక్కటే పెద్దిల్లు. అందరం మేడ అంటాం. ఆ మేడ అమ్మగారి తమ్ముడు, ఇరవై రెండేళ్ళ కిందట పందొమ్మిదో ఏట ఇంట్లోంచి పారిపోయి, మొన్నీమధ్యే తిరిగొచ్చాడు. నలభై దాటిన పొడుగు మనిషైనా వీధికి ఇంకా చిన్నబాబే. ఆ బుధవారం అమ్మగారు పట్టుబట్టి ఆయన్ని మా షాపుకి పంపించింది. పెద్దాయన తల దువ్వుతూ దువ్వుతూ ఆగిపోయి, 'బాబూ, నీ సుడి తిరిగిందే!' అన్నాడు. నిజమే కదమ్మా, దిక్కులేకుండా తిరిగినవాడికి మేడ దక్కింది, ఇంతకంటే సుడి తిరగడం ఏముంటుంది? షాపంతా గొల్లున నవ్వాం. చిన్నబాబూ నవ్వాడు."

"పెద్దాయన?"

రెండో కుర్చీ ఆలోచించాడు. "పెద్దాయన నవ్వినట్టు గుర్తులేదమ్మా."

"టైమైపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి.

పన్నెండుంబావుకి నసమ్మ సెలూన్‌కి చేరేసరికి రెండో కుర్చీ పెళ్ళాం తన దగ్గరున్న తాళంచెవితో షట్టరెత్తి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడి ఉంది. షాపు తువ్వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చేది ఈవిడే.

"అక్కా, మా ఆయన్ని ఇవాళ జైల్లో వేస్తే మళ్ళీ ఈ వీధిలో ఎవడైనా ఆయన కత్తి కింద మెడ పెడతాడా చెప్పు. రేపు బెయిలొచ్చినా, ఎల్లుండి కేసు కొట్టేసినా సరే, ఇంక ఆయన చేతికి తల ఇచ్చేవాడుండడు. మూసుకోవడమే."

"రెండింటికి సీలు వేస్తారట. ఈలోగా ఏడవడం తర్వాత పెట్టుకుని, నాకు కళ్ళు అరువియ్యమ్మా. నాకు క్రాఫుల సంగతి తెలీదు. ఇక్కడ ఉండాల్సినట్టు లేనివేంటో చూసి చెప్పు."

ఇల్లాలు కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికొచ్చింది. నాలుగు నిమిషాలు నిలబడ్డచోటే నిలబడి చూసింది. నసమ్మ నోరెత్తలేదు. తను పెట్టే నసకంటే ఎదుటివాళ్ళకిచ్చే మౌనమే ఎక్కువ పనిచేస్తుందని ఆవిడకి తెలుసు, కాకపోతే మౌనంగా ఉండటం ఆవిడకి చేతకాదు. ఇవాళ అలసట పుణ్యమా అని చేతనైంది.

"మొదటి కుర్చీ బాగా కిందికి దింపేసి ఉందక్కా. పొడుగు మనిషి కూర్చుంటేనే అంత దింపుతారు. పొద్దున ఆఖరి బేరం మా ఎదురింటి ముసలాయన, ఆయన అయిదడుగులే. అంటే ఆ తర్వాత వేరే ఎవరో కూర్చున్నారు."

"మీ ఆయన కాదు కదా?"

"మా ఆయన దాంట్లో కూర్చుంటే పైకి లేపాలి గానీ దింపక్కర్లేదు," అంది ఇల్లాలు. అంత బాధలోనూ పెదవి చివర కాస్త నవ్వొచ్చి పోయింది.

కుర్చీ పక్కన చేతి అద్దం మూడు ముక్కలై పడుంది. పెనుగులాటలో పగిలిందని పంచనామాలో రాశారు. నసమ్మ వంగలేక వంగి చూసింది. "ఈ అద్దం మామూలుగా ఎక్కడుంటుంది?"

"మేకుకి. కటింగ్ అయ్యాక వెనకాల పట్టి, మెడ మీద ఎలా కుదిరిందో చూపించడానికి తీస్తారు."

"అయ్యాకే?"

"అయ్యాకే. మధ్యలో తియ్యరు."

"మరి కింద వెంట్రుకలేవీ?"

ఇద్దరూ నేల చూశారు. నెత్తురు మరక తప్ప ఒక్క వెంట్రుక లేదు. భోజనానికి ముందు ఊడ్చిన నేల ఊడ్చినట్టే ఉంది. మెడకి చుట్టే గుడ్డ కూడా మడత విప్పకుండా కుర్చీ చేతి మీదే ఉంది. అంటే కుర్చీలో కూర్చున్నవాడికి క్రాఫు కొట్టలేదు, గడ్డం గియ్యలేదు. ఊరికే కూర్చోబెట్టి, చేతి అద్దంలో వాడి తల వెనక భాగం వాడికే చూపించాడు పెద్దాయన. ఎందుకు చూపించాడో నసమ్మకి ఎంతకీ అంతుపట్టలేదు. తల ప్రాణం తోకకొచ్చి, రెండో కుర్చీలోనే చతికిలబడింది.

"కాగితం ముక్కతో సహా అన్నాడు బ్రోకరు. ఈ షాపులో కాగితాలేముంటాయమ్మా?"

"కార్డులక్కా!" ఇల్లాలు అద్దం కింద చెక్క సొరుగు లాగింది. "తలకో కార్డు. పెద్దాయన యాభై ఏళ్ళుగా రాసినవి. పేర్లుండవు. 'పేరు మార్చుకోవచ్చు గానీ తల మారదమ్మా' అంటాడు. ముద్దుపేర్లుంటాయి, ఆ తల సంగతులుంటాయి. మా ఆయనకి అప్పజెప్పాలి గదాని ఆదివారం కూర్చుని చిరిగినవన్నీ నా చేతే మళ్ళీ రాయించాడు. ఇవిగో, పెంకుటిల్లు... ఇదిగో చదును... ఇది గుండు..."

"పెంకుటిల్లేంటమ్మా?"

"క్రాఫు రకాలక్కా. రెండు పక్కలా వాలుగా దిగితే పెంకుటిల్లు. పైన ఎత్తుగా వదిలేస్తే..." కార్డుల రకాల మధ్య అడ్డుపెట్టిన ఓ అట్ట దగ్గర ఇల్లాలి వేలు ఆగిపోయింది. "అయ్యో రామ! ఇందులో ఒక్కటీ లేదే!"

అట్ట వెనక ఖాళీ. అట్ట మీద పెద్దక్షరాలతో రాసుంది: 'మేడ'.

"ఎన్నుండేవి?"

"నలభై మూడు. ఆదివారం నేనే లెక్కపెట్టా. అన్నీ పైన ఎత్తుగా వదిలే తలలు."

నసమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. మోకాలు గుర్తొచ్చింది గానీ పట్టించుకోలేదు. "అంటే ఇక్కడికొచ్చినవాడు సొరుగు లాగాడు. 'మేడ' అని చూశాడు. ఆ ఇంటివాళ్ళ కార్డులనుకుని కట్ట మొత్తం పట్టుకుపోయాడు!"

"ఇదేం చోద్యం అక్కా! మేడంటే క్రాఫని షాపులో అందరికీ తెలుసు. మా ఆయనైతే నిద్రలో లేపి అడిగినా చెబుతాడు."

"అందుకేనమ్మా, తీసింది మీ ఆయన కాదు. నా నెత్తిన పాలు పోశావు."

"ఏ పాలు, ఎవరి నెత్తిన?" అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. ఒంటిగంట పది. చేతిలో సీలు సామాను. "మేడమ్, ఇది నేరం జరిగిన చోటు. ఈవిడ ముద్దాయి భార్య. ఇద్దరూ కలిసి సొరుగులు వెతుకుతున్నారు. నేనిప్పుడు ఏం చెయ్యాలో మీరే నేర్పించండి."

"నీ క్రాఫుని ఈ షాపులో ఏమంటారో తెలుసా నాయనా?"

"వేళాకోళాలొద్దు."

"మేడండీ," అంది ఇల్లాలు భయభయంగా. "మీరూ ఇక్కడికే వస్తారు గదా, మీ తల మేడేనండీ."

"నీ కార్డు కూడా దొంగ పట్టుకెళ్ళాడయ్యా," అంది నసమ్మ. "పోలీసు తలనే దొంగిలించాడు, నువ్వేమో పంచనామాలో ఏ వస్తువూ పోలేదని రాశావు!"

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డైంది. నసమ్మ జరిగినదంతా చెప్పింది. కుర్చీ ఎత్తూ, చేతి అద్దమూ, ఊడ్చిన నేలా, ఖాళీ అట్టా. అతను చేతులు కట్టుకుని విని, తల అడ్డంగా ఊపాడు.

"వాడే తీసి దాచుంటాడు. మేడవాళ్ళ మీదికి తోసెయ్యడానికి."

"తోసెయ్యాలనుకున్నవాడైతే నీకు ఆ మాట చెప్పాలి కదా? లాకప్‌లో ఇరవై గంటలుగా ఉన్నాడు, మేడ అనే మాట నీతో ఒక్కసారైనా ఎత్తాడా?"

"ఎత్తలేదు."

"ఎత్తాడా?"

"ఎత్తలేదని చెప్పా కదా మేడమ్!"

"ఆ కార్డులు వాడికి రేపటినుంచీ అన్నం పెట్టేవయ్యా. సొంత కంచంలో మన్ను పోసుకుంటాడా ఎవడైనా?"

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. ఇల్లాలు మాత్రం ఈ గొడవంతా విననట్టే ఓ కార్డు తీసి దీక్షగా చూస్తోంది. నసమ్మ భుజం మీంచి తొంగి చూసింది. కార్డు మూల సున్నా లాంటి బొమ్మ, దానికో బాణం గుర్తు. పక్క కార్డు మీదా అంతే. ప్రతి కార్డు మీదా అంతే.

"ఇదేంటమ్మా?"

"సుడక్కా. నడినెత్తిన వెంట్రుకలు తిరిగే సుడి ఉంటుందే, అది. కొందరికి కుడికి తిరుగుతుంది, కొందరికి ఎడమకి. దాన్నిబట్టే కత్తెర ఎటునుంచి పట్టాలో తెలుస్తుందట. పెద్దాయన అది రాయకుండా కార్డు మూయడు."

నసమ్మ ఆ బాణం గుర్తు వెంట వేలు తిప్పింది.

"పుట్టుకతో వచ్చిన సుడి పెద్దయ్యాక తిరుగుతుందా?"

"చోద్యం! గుండు కొట్టించినా మళ్ళీ అటే మొలుస్తుందక్కా. చచ్చేదాకా అంతే."

"మరి 'బాబూ, నీ సుడి తిరిగిందే' అన్నాడంటే..."

"అదృష్టం గురించనే అనుకున్నారక్కా అందరూ. మా ఆయనా అంతే. అసలు సుడి తిరగదు గదా, అందుకే ఆయనకి ఇంకో ఆలోచనే రాలేదు."

"పెద్దాయన అదృష్టం గురించి అనలేదమ్మా. ఉన్నది ఉన్నట్టే అన్నాడు!" అంది నసమ్మ. "ఇంట్లోంచి వెళ్ళిపోయి మళ్ళీ ఎప్పుడూ రానివాడి కార్డు ఏం చేస్తాడు? చింపేస్తాడా?"

ఇల్లాలు నేల మీద కూర్చుని అట్టడుగు సొరుగు లాగింది. దాని మీద 'మళ్ళీ రానివాళ్ళు' అని రాసుంది. దొంగ దీని జోలికే రాలేదు, తను తిరిగొచ్చిన మనిషి గదా మరి. ఇల్లాలు ఒక్కొక్కటీ తిప్పి, ఓ పసుపురంగు కార్డు పైకి తీసింది.

నసమ్మ కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది. "ఏడుపుగొట్టు. మేడ అమ్మగారి తమ్ముడు. నాలుగో ఏటినుంచీ. కత్తెర చప్పుడంటే భయం, కబుర్లు చెబుతూ చెయ్యాలి. సుడి ఒకటే. ఎడమకి."

కార్డు తిప్పింది. వెనక సిరా కొత్తది. తేదీ మూడు వారాల కిందటి బుధవారం.

"కత్తెరకి భయపడలేదు. సుడి కుడికి. ఈ తల ఆ తల కాదు. అమ్మగారికి ఎలా చెప్పను?"

డెబ్బై ఏళ్ళు దాటినాక ఒక అక్కకి, నీ తమ్ముడు తిరిగి రాలేదమ్మా అని చెప్పలేక ఆ ముసలి ప్రాణం మూడు వారాలు ఎంత నలిగిపోయిందోనని నసమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

"అద్దంలో చూసి తిరగేసి రాసుకున్నాడేమో," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఆఖరి గడ్డిపరక పట్టుకుంటూ.

"క్రాఫు చేసేవాడు తలని అద్దంలో ఎందుకు చూస్తాడండీ? తల కళ్ళెదురుగానే ఉంటుందిగా," అంది ఇల్లాలు. ఈసారి గొంతులో భయం లేదు.

"కానీ మేడమ్, ఆ చిన్నబాబు చిన్ననాటి కబుర్లన్నీ చెప్పాడు. పుట్టుమచ్చ చూపించాడు. అమ్మగారే ఒప్పుకుంది. వచ్చేవారం ఇల్లు ఇద్దరి పేర రాయిస్తోంది కూడా!"

"కబుర్లు ఎవడి దగ్గరైనా వినొచ్చు. పుట్టుమచ్చ పచ్చబొట్టుతో పుట్టించొచ్చు. ఎవడి నడినెత్తి వాడికి కనబడదు గదయ్యా, కనబడనిదాన్ని ఎలా మార్చుకుంటాడు? పెద్దాయన మొదట నోరు జారినప్పుడు వాడూ నవ్వాడు. మర్నాడే బ్రోకర్ని పంపాడు, అంటే కాసేపటికే వాడికి అర్థమైంది. కార్డుల సంగతి షాపులోనే విని ఉంటాడు. కార్డులు షాపుతోపాటు ఇంకొకడి చేతికి పోకూడదు. షాపు మూతపడాలి, కాగితాలు బూడిదవ్వాలి. పెద్దాయన వినలేదు, అమ్ముతానన్నాడు. నిన్న ఆఖరిసారి వీడే వచ్చాడు. పెద్దాయన కూర్చోబెట్టి, చేతి అద్దం పట్టి, చూసుకో నాయనా, అక్కకి నువ్వే నిజం చెప్పు అని ఉంటాడు. ఆయన తీరు అలాంటిది."

ఇన్‌స్పెక్టరు సీలు సామాను కుర్చీ మీద పెట్టేశాడు. ఏ పోలీసుకైనా ఇలాంటి క్షణంలో మొహం పాలిపోతుంది. ఇతని మొహం మరీ తెల్లబడింది.

"ఏమయ్యా? రెండో కుర్చీని ఇవాళ కోర్టులో పెట్టవు గదా?"

"పెట్టను. అది కాదు మేడమ్..."

"మరేంటి?"

"ఏం లేదు, హాస్పిటల్లో..."

"హాస్పిటల్లో ఏంటి? పెద్దాయన దగ్గర కానిస్టేబుల్ లేడా?"

"నేరస్థుడు లాకప్‌లో ఉన్నాడు గదా అని పొద్దున తీసేశాను. మనుషులు తక్కువగా ఉన్నారు. పైగా, మీకెందుకు ఇబ్బంది, ఆ ముసలాయన మా వీధి మనిషి, నేను కూర్చుంటానని అడిగితే..."

"ఎవడడిగాడు?" మూడుసార్లు అడగవలసిన అవసరం నసమ్మకి రాలేదు. అతని మొహం చూస్తేనే తెలిసిపోయింది. "ఫోను తియ్యి! వార్డుకి కలుపు, గట్టిగా వినబడేట్టు పెట్టు!"

ఇన్‌స్పెక్టరు వేళ్ళు రెండుసార్లు తప్పు నంబరు నొక్కాయి. మూడోసారికి నర్సు ఎత్తింది.

"పెద్దాయన ఎలా ఉన్నాడమ్మా?"

"మంచి వార్తేనండీ! అరగంట కిందటే కళ్ళు తెరిచారు. మాట రావట్లేదు గానీ మనిషికి తెలివి ఉంది. చెయ్యెత్తి నెత్తి మీద వేలు గుండ్రంగా తిప్పి తిప్పి చూపిస్తున్నారు పాపం. దురదేమో అనుకున్నాం."

ఇల్లాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయన పక్కన ఎవరున్నారు?" అని అరిచింది నసమ్మ.

"ఆ చిన్నబాబుగారేనండీ. ఎంత మంచి మనిషండీ! మాసిన గడ్డంతో పెద్దాయన్ని చూడలేకపోతున్నా, నేనే గీస్తానని రేజరు తెప్పించుకున్నారు. గీసేటప్పుడు చెయ్యి కదలకూడదు, ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని చెప్పి తలుపేసుకున్నారు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు వైపు పరుగెడుతున్నాడు. ఫోను నసమ్మ చేతిలో ఉంది.

"తలుపు తొయ్యమ్మా! ఇప్పుడే తొయ్యి! కేకలెయ్యి, జనాన్ని పిలువు, ఏదైనా చెయ్యి!"

అవతల చెప్పుల చప్పుడు, తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. తర్వాత నర్సు గొంతు, ఈసారి పలచగా, ఏడుపు కలిసి వినిపించింది.

"లోపలినుంచి గడియ పెట్టుందండీ."